తొమ్మిది దినాల కంబళి

చౌడమ్మ సంచి సర్దుతోంది. సంచిలోకి పోయేవి కోడలి బట్టలు. ఊరు విడిచిపోయేది కోడలు పచ్చయమ్మ. పది నెలల బిడ్డ సాకమ్మ మాత్రం ఇక్కడే ఉంటుంది. నిన్న పెద్దమనుషులు కూర్చుని తేల్చిన మాట అది.

రెండు చీరలు, ఒక రవికె, దువ్వెన. రాగిసంకటి ముద్దను ఆకులో చుట్టి అడుగున పెట్టింది. చీరలకు తడి అంటుతుందేమోనని తీసి పైన పెట్టింది. పైన ఉంటే బస్సులో ఎవరి మోచెయ్యో తగిలి చితికిపోతుందేమోనని మళ్ళీ తీసింది. చౌడమ్మ గుణమే అంత. ఇంట్లోంచి ఎవరు సంచి పట్టుకొని బయటికి పోయినా ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. సంతకు పోయే కొడుకునైనా మలుపు తిరిగేదాకా చూస్తుంది. మలుపు తిరిగినాక కూడా ఇంకాసేపు చూస్తుంది.

"అత్తా, ఎన్నిసార్లు సర్దుతావు? నేను పోయేది బర్గూరికి, మా అమ్మింటికి. కాశీకి కాదు" అంది పచ్చయమ్మ. గోడకు ఆనుకొని బిడ్డకు పాలిస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయిగాని గొంతులో వణుకు లేదు.

"నోరుండాది నీకు. ఆ నోరే ఇంతదాకా తెచ్చింది" అంది చౌడమ్మ.

నిజానికి తెచ్చింది నోరు కాదు, నీళ్ళు.

హోసూరు పక్క తళికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో చౌడమ్మ మొగుడు గుర్రప్ప నేసిన కంబళికి పేరుంది. చలిసీమ అది. మాఘమాసంలో పొద్దు బారెడెక్కినా నోట్లోంచి ఆవిరి వస్తుంది. గుర్రప్ప ఇంట్లో మనిషి పుట్టేదీ కంబళి మీదే, పోయేదీ కంబళి మీదే. ఏడాది నిండేదాకా బిడ్డ ఒంటికి నూలుగుడ్డ తగలకూడదు. నూలు మీద పెరిగిన బిడ్డ నూలుపోగులాగే తెగుతుందని ఆ ఇంటి మాట. దాని మీద ఇంకొకటుంది. ఇంటికి తొలి బిడ్డ పుడితే, ఆ ఏటి జాతరకు ముందు తొమ్మిది దినాలు, మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన కంబళిలో ఆ బిడ్డను చుట్టి ఉంచాలి. నీళ్ళు పోయకూడదు. నూనె అంటకూడదు. పదో దినం ఇంటిదేవుడి ముందు విప్పాలి.

కొత్త కంబళి ఎట్లా ఉంటుందో కప్పుకున్నవాళ్ళకు తెలుసు. ఉన్నిదారానికి చింతగింజల గంజి పట్టించి నేస్తారు. గంజి ఆరితే కంబళి చాపలాగా బిర్రబిగుస్తుంది. ఎద్దును తోలే మనిషి వీపునే గీరుతుంది.

సాకమ్మ ఒళ్ళు మూడో నెలలో చెడింది. మొదట బుగ్గలు కందాయి. తరువాత మెడ మడత, మోచేతుల మడతలు, మోకాళ్ళ వెనక. సన్నని నీటిపొక్కులు లేచి, పగిలి, రసి కారి, పక్కులు కట్టేవి. బిడ్డ నిద్రలో కూడా చేతులు బుగ్గలకే పోయేవి. చూసినవాళ్ళు పసిబిడ్డల తోలురోగం, కరపాణి అన్నారు. చౌడమ్మ వేపాకూ పసుపూ నూరి రుద్దింది. పొగలు కక్కే నీళ్ళు పోసి పెసరపిండితో తోమింది. పుండు మీద కారం చల్లినట్టు బిడ్డ గుక్కపట్టేది. కంబళి పాతదై మురికి పట్టిందేమోనని గుర్రప్ప దాన్ని తీసేసి కొత్తది వేశాడు. రోగం రెట్టింపయింది.

పచ్చయమ్మ మాత్రం చూస్తూ వచ్చింది. తన పాతచీర చెంగు అడ్డుపడిన చోట బిడ్డ ఒళ్ళు బాగుంది, కంబళి రాసుకున్న చోట చెడింది. ఒకరోజు అందరి ముందూ అనేసింది: "ఈ బిడ్డను కంబళే తింటా ఉండాది." ఆ మాటకు గుర్రప్ప ఒక పూటంతా సంకటి ముట్టలేదు. ముట్టకపోవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎరగరు.

జాతర దగ్గరపడింది. గుర్రప్ప తొమ్మిది దినాల కంబళి నేసి దించాడు. నల్ల ఉన్ని, అంచున తెల్ల చార. దేవుడి గూట్లో పెట్టి హోసూరు సంతకు పోయాడు. ఆయన తిరిగి వచ్చేలోగా పచ్చయమ్మ దాన్ని తీసి, కాగిన నీళ్ళలో కుంకుడు నురుగు వేసి, మూడుసార్లు ఉతికి ఆరేసింది. గంజి పోతే కంబళి మెత్తబడుతుంది, మామ మాటా నిలుస్తుంది, బిడ్డా బతుకుతుంది అనుకుంది పాపం. బర్గూరు ఎండసీమ పిల్లకు ఉన్ని సంగతి ఏం తెలుసు? కాగిన నీళ్ళలో కొత్త ఉన్ని ముడుచుకుపోయి, కంబళి కాస్తా మందపాటి తువ్వాలంత అయి కూర్చుంది. అంతకన్నా పెద్ద తప్పు ఏమంటే, దేవుడు చూడకముందే నీళ్ళు తాకిన కంబళి దేవుడికి పనికిరాదు.

పెద్దమనుషులు తీర్పు చెప్పారు. జాతర ముగిసేదాకా తల్లి పుట్టింట్లో ఉండాలి. బిడ్డను గుర్రప్ప తమ్ముడు తిమ్మరాజు మగ్గం మీది కంబళిలో చుట్టాలి. మేకపాలూ రాగిగంజీ అవ్వ తాగిస్తుంది. పచ్చయమ్మ మొగుడు మాదప్ప తలవంచుకొని నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. పచ్చయమ్మ బిడ్డనెత్తుకొని బయటికి నడవబోతే గుర్రప్ప గడపకు అడ్డంగా నిలబడ్డాడు. అది నిన్నటి సంగతి.

ఇవాళ సంచి సిద్ధమైంది.

"అత్తా, ఇట్లా కూర్చో" అంది పచ్చయమ్మ. "నేను పోయేది గమ్మున కూర్చునేదానికి కాదు. మా అన్న ముత్తప్పను పిల్చుకొని రేపు సాయంత్రానికి ఈడుంటా. మా అన్న అడ్డమొస్తే మామ గడప కాయడు. అంతవరకు, ఈ ఒక్క దినం, దీనికి కంబళి చుట్టనీయద్దు."

"నేనెవరే ఆపేదానికి?"

"దీనికి అవ్వవి. ఇంకెవరు కావల్ల?" పచ్చయమ్మ బిడ్డ చేతిని పట్టుకొని వేళ్ళు విప్పి చూపించింది. "గోళ్ళు పొద్దున కొరికేసినా. యాడన్నా గరుకు మిగిలింటే నువ్వు కొరుకు. నీళ్ళు గోరువెచ్చగా ఉండల్ల, జాస్తి కాచద్దు. పిండి వద్దు. తోమద్దు. పాతగుడ్డతో అద్దు. తడి ఆరకముందే నూనె పుయ్యి."

"నూనె మాట ఎత్తద్దు నా దగ్గర!" చౌడమ్మ పొయ్యి తాకినట్టు వెనక్కి జరిగింది.

"నూనె అంటే ఎందుకంత భయం నీకు? ఎప్పుడు ఎత్తినా ఇంతే."

చౌడమ్మ సంచి తాడు బిగిస్తూ కూర్చుంది.

"చెప్పద్దులే. నేను చెప్తా విను. దీని ఎడమ మోకాటి వెనక చూడు. కుడిది చూడు. నాలుగు దినాలుగా నీకు తెలీకుండా ఎడమకాలికి మాత్రం కొబ్బరినూనె పూసి, మెత్తటి గుడ్డ చుట్టి పెట్టినా. మీరెవరైనా వస్తే గుడ్డ లాగేసినా. కుడికాలిని మీ ఇష్టానికి వదిలిపెట్టినా. అది కుడికాలు గోక్కోని రక్తం తెచ్చుకుంటాంటే చేతులు కట్టుకొని కూర్చున్నా అత్తా. నా మాట మీరు నమ్మరు. ఆ కాలు చెప్తుంది, అడుగు."

వాకిట్లోంచి మాదప్ప పిలిచాడు: "బిరీన రా. బస్సు మన కోసం నిలబడదు."

"నువ్వు మాత్రం బాగా నిలబడినావులే, నిన్న" అంటూ పచ్చయమ్మ లేచింది. బిడ్డను అత్త ఒళ్ళో పెట్టింది. సంచి అందుకొని, వెనక్కి తిరక్కుండా నడిచింది. తిరిగితే కాళ్ళు సాగవని ఆమెకు తెలుసు. చౌడమ్మ గడప మీద నిలబడి వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా చూసింది. తరువాత చంకలోకి చూసింది. బిడ్డ తల్లి పోయిన వైపే మెడ సాచి చూస్తోంది.

ఆ కాళ్ళు చూడకూడదనే అనుకుంది చౌడమ్మ. చూస్తే ఏమవుతుందో ఆమెకు ముందే తెలుసు.

ముప్పైయేళ్ళ కిందటి సంగతి. ఆమె తొలిచూలు కొడుకు. వాడివీ ఇట్లాంటి బుగ్గలే. వాడినీ ఇదే ఇంట్లో, ఇదే మూల, తొమ్మిది దినాల కంబళిలో చుట్టారు. రెండో దినం వాడి ఏడుపు వినలేక, అత్త పెరట్లో ఉన్న సమయం చూసి, కుండలోంచి వేలెడు వెన్న తీసి, కంబళి మడతలోకి చెయ్యి దూర్చి, మోకాటి వెనక రాసింది. ఒక్క వేలెడు. ఎనిమిదో దినం వాడు ఒళ్ళు కాలిపోతూ పోయాడు. "ఎవరో ఏదో తప్పు చేసినారు, దేవుడు ఊరకుంటాడా?" అంది అత్త. చౌడమ్మ పెదవి విప్పలేదు. ఆ వేలే నా బిడ్డను చంపిందని నమ్మింది. మొగుడికి చెప్పలేదు. తరువాత పుట్టిన మాదప్పకు చెప్పలేదు. ముప్పైయేళ్ళు ఉన్ని ఏకుతూ అదే తలుచుకుంది. పెరుగు చిలికి వెన్న తీసిన రోజు కుడిచేతి వేలు బూడిదతో తోముకునేది, తోలు ఊడేటట్టు. కోడలు నూనె గిన్నె ముట్టినప్పుడల్లా లేచి అవతలికి పోయేది.

బిడ్డను బోర్లా తిప్పి ఒళ్ళో వేసుకుంది. కుడికాలు మడత విప్పింది. ఎర్రగా పచ్చిపుండు, పక్కుల మధ్య రసి. ఎడమకాలు విప్పింది.

లేత తమలపాకులా ఉంది.

వేలు పెట్టి చూసింది. ఆ వేలే. మెత్తగా, చల్లగా ఉంది. బిడ్డ గిలిగింతలకు కాలు ముడుచుకొని కిలకిలమంది. చౌడమ్మ మళ్ళీ కుడికాలు చూసింది, మళ్ళీ ఎడమకాలు చూసింది. పొయ్యి ఆరిందా లేదా అని పదిసార్లు చూసుకునే మనిషి కదా, నాలుగైదు సార్లు చూసింది. ఎన్నిసార్లు చూసినా కాళ్ళు అదే మాట చెప్పాయి. వెన్న చంపలేదు. ఆనాటి తన కొడుకు ఒంటి మీద వేలెడు మేర సుఖపడి ఉంటే ఆ వెన్న రాసిన మేరే సుఖపడి ఉంటుంది. తక్కిన ఒళ్ళంతా కంబళి తిన్నది.

ఆమెకు ఏడుపు రాలేదు. అంతకన్నా ముందు కోపం వచ్చింది.

గుర్రప్ప, తిమ్మరాజు అప్పుడే వాకిట్లో అడుగుపెట్టారు. తిమ్మరాజు భుజం మీద కొత్త కంబళి, పలకలాగా.

"వదినా, బిడ్డను ఇట్లియ్యి. పొద్దు ఎక్కకముందే చుట్టల్ల" అన్నాడు తిమ్మరాజు.

"ఇయ్యను."

ఇద్దరూ నిలిచిపోయారు. ముప్పైయేళ్ళలో ఆ ఇంట్లో వినపడని మాట అది.

"ఏమే, ఏమంటివి?" అన్నాడు గుర్రప్ప.

"చుట్టనీయనంటి. చెవుల్లో ఉన్ని పెట్టుకోనుండావా?"

తిమ్మరాజు నవ్వాడు. "అన్నా, కోడలి గాలి సోకింది వదినకు."

"సోకింది. నాకు ముప్పైయేండ్ల కిందనే సోకింటే బాగుండు" అంది చౌడమ్మ. "ఇట్లా రా, మొగోడా. నువ్వూ రా. ఈ కాలు చూడండి. ఇది నూనె పూసిన కాలు. ఇది మీ కంబళి పట్టిన కాలు. దేవుడు ఒక బిడ్డకు ఒక కాలిమీదనే కోపం పెట్టుకుంటాడా?"

తిమ్మరాజు వంగి చూశాడు. గుర్రప్ప చూడలేదు. ఆయన కళ్ళు మగ్గం వైపు ఉన్నాయి.

"తాతముత్తాతల నుంచి వచ్చింది. మన ఇంటి తొలి బిడ్డ దేవునిది" అన్నాడు.

"తొలి బిడ్డను ఇచ్చినాను కదప్పా. నా కొడుకును ఇచ్చినాను. మళ్ళా మళ్ళా అడిగేవాడు దేవుడెట్లయితాడు, సావుకారి అయితాడు గాని!" చౌడమ్మ గొంతు ఊరి వీధి దాకా వినపడింది. "వానికి రెండో దినం నేను వెన్న పూసినా. ఈ వేలుతో. నా బిడ్డను నేనే చంపుకొంటినని ముప్పైయేండ్లు కుళ్ళి చచ్చినా. నీ పక్కనే కూర్చోని ఉన్ని ఏకుతా చచ్చినా. నీకు తెలుసునా? ఒక దినమన్నా అడిగినావా, ఏమే, ఎందుకు వేలు తోముకుంటావని?"

కొడుకు మాట గుర్రప్పకూ ఎక్కడో తగిలినట్టుంది. కాని మగ్గం ముందు ముప్పైయేళ్ళు కూర్చున్న మనిషి నడుము అంత తొందరగా వంగదు.

"బిడ్డను కింద పెట్టు" అన్నాడు. "ఎత్తుకొని గడప దాటితివా, మళ్ళా ఈ గడప తొక్కనీయను."

చౌడమ్మ ఎప్పుడూ ఎవరినీ విడిచిపోలేదు. పోయేవాళ్ళను చూడడమే ఆమెకు తెలుసు. పాతచీర ఒకటి దండెం మీద నుంచి లాగి బిడ్డకు చుట్టింది. నూలుచీర. గడప దాటి, వాకిట్లో నిలబడి చెప్పింది:

"ఈ ఇంట్లో ఆ తొమ్మిది దినాలు మానేసిన దినం కబురుచెయ్యి. ఆ దినమే వస్తా. అంతవరకు నీ గడప నువ్వే కాచుకో."

తళికి రెండు మైళ్ళు. యాభై దాటిన మనిషి, చెప్పులు లేవు, చంకలో బిడ్డ. నడిచిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు. బస్సు పోయి ఉంటుందేమో, పోయి ఉంటే ఏం చేయాలి, హోసూరు దాకా నడిస్తే పొద్దు కుంకుతుందేమో అని దారి పొడుగునా నోట్లోనే గొణుక్కుంది. ఇన్ని భయాల మధ్య వెనక్కి పోదామన్న తలపు మాత్రం రాలేదు. బస్సు ఉంది. పైన కూరగాయల బుట్టలు కడుతున్నారు. కిటికీ పక్కన పచ్చయమ్మ, కింద మాదప్ప.

"అత్తా!" పచ్చయమ్మ లేచి నిలబడింది. చేతులు సాచి బిడ్డను కిటికీలోంచే లాక్కుంది.

"జరుగు. నేనూ వస్తాండా" అంది చౌడమ్మ, రొప్పుతూ బస్సెక్కి.

"నువ్వా? సంచి ఏది?"

"నీ సంచి ఆరుసార్లు సర్దితిని గాని, నాది సర్దుకోనుండల్లని తోచలేదు మే."

పచ్చయమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మాదప్ప కిటికీ పట్టుకొని "అమ్మా, మరి నాయన?" అన్నాడు.

"మీ నాయన మగ్గం దగ్గరుండాడు. నువ్వు యాడుండల్లో నువ్వే చూసుకో. ఇంక నీకు తీర్పు చెప్పేదానికి పెద్దమనుషులు లేరు."

మాదప్ప ఆ రోజు బస్సెక్కలేదు. నెల తరువాత బర్గూరికి వచ్చాడు. వచ్చి ఉండిపోయాడు. రాళ్ళు కొట్టే పనిలో చేరాడు.

బర్గూరులో పచ్చయమ్మ తల్లి కాళమ్మ ఇల్లు ఒక గది, ఒక వసారా. వియ్యపురాలు చేతులూపుకుంటూ వచ్చి దిగితే కాళమ్మ ఒక్క ప్రశ్న అడగలేదు. చెంబుతో నీళ్ళు ఇచ్చి, "కాళ్ళకు ముండ్లు గుచ్చుకోనుండాయి, కూర్చో వదినా" అంది.

రోగం పోయిందా అంటే పోలేదు. కంబళి పోయింది, చలి పోయింది, చెమట వచ్చింది. ఎండాకాలం మెడ మడతలో చెమట నిలిచి మళ్ళీ కందింది. చౌడమ్మ నేర్చుకుంది. చెమట పట్టగానే తడిగుడ్డతో అద్దడం, అద్దినాక నూనె రాయడం. మధ్యాహ్నం వసారాలో తడిపిన గోనె వేలాడదీయడం. కొత్తగుడ్డ అయితే పదిసార్లు ఉతికి, తాను ముందు నాలుగు దినాలు కట్టుకొని, మెత్తబడినాకే బిడ్డకు చించడం. పగిలిన చోట చీము పడితే నాటువైద్యం జోలికి పోకుండా కృష్ణగిరికి బస్సెక్కి డాక్టరుకు చూపించడం. రోజూ పొద్దున గోళ్ళు చూడడం. బిడ్డ చేతివేళ్ళన్నీ ఆమె పళ్ళకు అలవాటయ్యాయి.

వీధిలో ఒకామె "పుండ్ల పిల్లను నీళ్ళబోరింగు దగ్గరికి తేవద్దు, మా పిల్లోళ్ళకు అంటుకుంటాది" అంది.

"సంవత్సరంగా నేను ఒళ్ళో పెట్టుకోనుండా, నాకు అంటుకునిందా?" అంది చౌడమ్మ, రెండు చేతులూ సాచి చూపిస్తూ. "మా పిల్లకు తోలు మెత్తన. నీకు నాలుక గరుకు. యాది అంటుకుంటే చెడ్డదో నువ్వే చెప్పు."

ఇంతకుముందు ఎవరేమన్నా తలవంచుకునే మనిషి. ఆ నోరు ఎక్కడిదని కాళమ్మ ఆశ్చర్యపోయేది. "కోడలిది. వాడుకునేదానికి ఎత్తుకొచ్చినా" అనేది చౌడమ్మ.

రెండేళ్ళ తరువాత, పందొమ్మిదివందల అరవై ఒకటిలో, గుర్రప్ప వచ్చాడు. బర్గూరు సంతకు వచ్చినట్టు వచ్చి, భుజం మీద కంబళ్ళ మూటతో వసారా ముందు నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"బాగుండావా?"

"బాగుండా. కూర్చో. మజ్జిగ తాగు."

సాకమ్మకు మూడేళ్ళు. మోచేతి మడతలో పాత మచ్చ, బుగ్గలు మాత్రం నున్నగా ఉన్నాయి. వచ్చి తాత మూట మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసుకుంది. "గుచ్చుకుంటాది అవ్వా" అంది. గుర్రప్ప ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. మూట పక్కకు జరిపి పెట్టాడు.

సగం మజ్జిగ తాగి అన్నాడు: "రా, పోదాం. ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు లేరు."

"తిమ్మరాజు మనవనికి చుట్టినారా?"

"చుట్టినాం."

"ఎట్లుండాడు?"

"బాగనే ఉండాడు."

"అందరికీ ఒకే తోలు ఉండదప్పా. వాడు తట్టుకున్నాడు. ఇంకొకటి తట్టుకోదు. మానేస్తావా?"

"నా నోటితో మానిపించల్లంటావా? ఊళ్ళో ఏమంటారు?"

"నేను ఆడదాన్ని, నన్నేమన్నారో నేను పడలేదా?" చౌడమ్మ గ్లాసులో మజ్జిగ నింపింది. "కొడుకును తలుచుకోని చెప్పు. మానేస్తావా?"

గుర్రప్ప గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. మూట భుజానికెత్తుకున్నాడు. "నేను అడగాల్సింది అడిగినా" అన్నాడు. మెట్టు దిగేటప్పుడు తూలితే చౌడమ్మ చెయ్యి అందించింది. పట్టుకొని దిగాడు, వదిలేశాడు.

వెంట పోలేదు ఆమె. లోపల నీళ్ళు గోరువెచ్చగా కాగి ఉన్నాయి, సాకమ్మకు పోయాలి.

ఏటేటా జాతర ముందు చౌడమ్మ సంతకు వచ్చే తళి మనుషులను అడిగేది, ఆ ఇంట్లో మానేసినారా అని. లేదనేవాళ్ళు. అరవై ఆరులో అడిగినప్పుడూ లేదన్నారు.

యాభై తొమ్మిది మాఘమాసంలో గడప దాటిన చౌడమ్మ ఆ ఇంటికి తిరిగి రాలేదు. అరవై ఏడు చైత్రంలో, ఒక బుధవారం పొద్దున, బర్గూరులోనే పోయింది.